పెద్దమనుషుల తలుపులు



2022 జనవరి 16న, సంక్రాంతి సెలవుల్లో, తెల్లవారకముందే సికింద్రాబాదు క్లబ్బు ప్రధాన భవనం అగ్నికి ఆహుతి అయింది. ప్రాణనష్టం జరగలేదు. అంతవరకు సంతోషమే. శతాబ్దం దాటి నిలిచిన కట్టడం ఒక్క రాత్రిలో బూడిద కావడం ఎవరికైనా కష్టం కలిగించే విషయం. టేకు దూలాలు, పాత మెట్లు, నాటి పనివాళ్ల చేతినైపుణ్యం, ఇవన్నీ పోయాయంటే నాకూ బాధగానే ఉంది. నా పేచీ ఆ బాధతో కాదు. అప్పుడు నలుగురి నోట వినబడిన, నేటికీ ఆ క్లబ్బు ప్రస్తావన వచ్చినప్పుడల్లా వినబడుతున్న ఒక వాక్యంతో: "మన వారసత్వం కాలిపోయింది."

ఆ "మన" అన్న రెండక్షరాలను గురించే ఈ టపా.

జీవితమంతా పిల్లలకు వ్యాకరణం చెప్పి బ్రతికినవాణ్ణి కనుక అక్కడినుండే మొదలుపెడతాను. తెలుగులో ఉత్తమ పురుష బహువచనానికి రెండు రూపాలున్నాయి. మేము వేరు, మనము వేరు. మేము అన్నప్పుడు ఎదుటివాడు బయట ఉంటాడు. మనము అన్నప్పుడు ఎదుటివాడూ లోపలికి వస్తాడు. ఇంగ్లీషులో ఈ రెంటికీ ఒకటే మాట. ఆ భాషలో ఆలోచించి తెలుగులో పలికేవారు "మా" అనవలసిన చోట "మన" అనడం చూస్తుంటాను. క్లబ్బు అన్నది స్వభావరీత్యా "మా" అనే సంస్థ. ఎవరిని చేర్చుకోవాలో తేల్చుకోవడానికే, అంతకన్నా ముఖ్యంగా ఎవరిని చేర్చుకోకూడదో తేల్చుకోవడానికే అది పుట్టింది. దాని సభ్యులు "మా క్లబ్బు కాలిపోయింది" అంటే అది సత్యమైన దుఃఖం, మనం సానుభూతి చెప్పాలి. "మన వారసత్వం" అంటే మాత్రం లెక్క అడగవలసి ఉంటుంది.

క్లబ్బుల చరిత్రలో ఒక విచిత్రముంది. అవి పుట్టిన దేశంలో అవి రాజకీయాన్ని దాచుకోలేదు. 1832లో ఎన్నికల సంస్కరణల గొడవలో ఓడిన టోరీలు లండన్‌లో కార్ల్‌టన్ క్లబ్బు పెట్టుకున్నారు. సంస్కరణలు కోరినవారు 1836లో రిఫార్మ్ క్లబ్బు పెట్టుకున్నారు. 1882లో గ్లాడ్‌స్టన్ అనుయాయులు నేషనల్ లిబరల్ క్లబ్బు పెట్టుకున్నారు. ఎవరి జెండా వారి గుమ్మం మీద స్పష్టంగానే ఉండేది. 1922 అక్టోబరు 19న కార్ల్‌టన్ క్లబ్బులో కూడిన కన్సర్వేటివ్ సభ్యులు లాయిడ్ జార్జి సంకీర్ణ ప్రభుత్వాన్ని అక్కడి చర్చతోనే పడగొట్టారు. అదే క్లబ్బు స్త్రీలకు పూర్తి సభ్యత్వం ఇవ్వడానికి 2008 దాకా ఆగింది. మార్గరెట్ థాచర్ పార్టీ నాయకురాలైనప్పుడు ఆమెను బయట నిలబెట్టలేక గౌరవ సభ్యురాలిని చేసుకున్నారు. దేశాన్ని ఏలడానికి పనికివచ్చిన ఆడమనిషి తమ క్లబ్బులో మామూలు సభ్యురాలు కావడానికి పనికిరాలేదన్నమాట. పెద్దమనుషుల తర్కం ఇలా ఉంటుంది.

అదే సంస్థ ఓడ ఎక్కి మన దేశానికి వచ్చేసరికి "ఇక్కడ రాజకీయాలు మాట్లాడం, ఆటలూ పాటలే" అనడం నేర్చుకుంది. నేటికీ క్లబ్బుల చరిత్రను చెప్పేవారు ఆ మాటనే అప్పచెబుతుంటారు. బిలియర్డ్సు బల్లలు, గుర్రాలు, బాల్‌రూము నాట్యాలు, వంటవాడి పుడ్డింగు. ఇంతే చరిత్ర. నేను ఒప్పుకోను. పాలించేవాడు పాలితుణ్ణి గుమ్మం బయట నిలబెట్టి లోపల పేకాట ఆడుతుంటే, ఆ పేకాట కూడా రాజకీయమే.

సికింద్రాబాదు సంగతే చూడండి. 1798 సైన్య సహకార సంధితో కంపెనీ సేనలు ఇక్కడ స్థిరపడ్డాయి. వాటి ఖర్చు నిజాముది, వాటి ఆజ్ఞ మరొకరిది. 1806లో మూడవ అసఫ్ జా అయిన సికందర్ జా పేరిట ఊరికి ఈ పేరు వచ్చింది. జనం మాత్రం లష్కర్ అన్నారు. లష్కర్ అంటే సైన్యం. జనం పెట్టిన పేరులో అబద్ధం ఉండదు. ఆ దండు అధికారుల కాలక్షేపం కోసం 1878లో ఏర్పడినదే నేటి సికింద్రాబాదు క్లబ్బు. దివాన్ మొదటి సాలార్‌జంగు తన వేటవిడిదిని వారికి కానుకగా ఇచ్చాడన్నది క్లబ్బువారు గర్వంగా చెప్పుకునే కథ.

ఆ కానుకను దాని కాలంలో పెట్టి చూడాలి. 1853లో సైన్యపు బాకీల పేరుతో బేరారును నిజాము చేతినుండి తీసుకున్నారు. ఆ సంవత్సరమే సాలార్‌జంగు దివాన్ అయ్యాడు. 1857లో తుర్రేబాజ్ ఖాన్ రెసిడెన్సీ మీద దాడి చేస్తే సాలార్‌జంగు ఇంగ్లీషువారి పక్షాన నిలిచాడు. తుర్రేబాజ్ ఖాన్ ప్రాణాలే పోయాయి. ఇంత మేలు చేసిన దివాను బేరారు తిరిగి ఇమ్మని ఏళ్లతరబడి అడిగాడు, 1876లో ఇంగ్లండు దాకా వెళ్లి వచ్చాడు. ఇవ్వలేదు. చివరకు 1902లో కర్జన్ దాన్ని శాశ్వత కౌలు చేసుకున్నాడు. అడిగిన రాష్ట్రం రాలేదు, ఇచ్చిన విడిది మాత్రం పోయింది. బలవంతుడికి బలహీనుడు సమర్పించుకునేదానికి దానమని పేరు పెట్టడం మన అలంకారశాస్త్రంలో కూడా లేదు. బ్రిటిష్ పాలన సాగినంతకాలం ఆ క్లబ్బు అధ్యక్షపీఠం దాదాపు పూర్తిగా ఆంగ్లేయాధికారులదే. ఇది రాజకీయం కాకపోతే మరేది రాజకీయం?

మిగతా ఊళ్లలోనూ ఇదే వరస. కలకత్తాలో వైస్రాయి మింటో పిలిచిన రాజేంద్రనాథ్ ముఖర్జీకి బెంగాల్ క్లబ్బు గుమ్మం తెరుచుకోలేదని, ఆ అవమానంలోనుండే 1907లో కలకత్తా క్లబ్బు పుట్టిందని చెబుతారు. చిట్టగాంగు దగ్గర పహార్తలి యూరోపియన్ క్లబ్బు ముందు కుక్కలకూ భారతీయులకూ ప్రవేశం లేదన్న బోర్డు ఉండేదంటారు. 1932 సెప్టెంబరులో ప్రీతిలతా వద్దేదార్ అనే ఇరవై ఒక్క సంవత్సరాల ఉపాధ్యాయిని సాయుధ దళాన్ని వెంటబెట్టుకొని ఆ క్లబ్బు మీదకు వెళ్లి, చివరకు విషం మింగి ప్రాణం విడిచింది. ఆ రోజుల్లో ఎవరికీ సందేహం లేదు, క్లబ్బు అంటే రాజ్యపు గుమ్మమేనని. సందేహం మనకే, ఇప్పుడే వచ్చింది. ఇక బెంగుళూరు క్లబ్బువారు చర్చిల్ ఎగవేసిన పదమూడు రూపాయల పద్దును భద్రంగా దాచి అతిథులకు చూపించి మురిసిపోతుంటారు. అదే చర్చిల్ ప్రధానిగా ఉండగా 1943లో బెంగాలులో లక్షలమంది అన్నం లేక చచ్చిపోయారు. ఆ పద్దు ఏ క్లబ్బు గోడ మీదా లేదు.

ఇప్పుడు ఇదే లష్కర్‌లో ఇంకొక కట్టడాన్ని తలచుకుందాం. 1813లో ఆ సైన్యంలో డోలీ మోసే సూరిటి అప్పయ్య ఉజ్జయినిలో ఉండగా కలరా వ్యాపించిందని, తన ఊరివాళ్లు చల్లగా ఉంటే అమ్మవారిని ప్రతిష్ఠిస్తానని మొక్కుకున్నాడని, తిరిగివచ్చి 1815లో కొయ్యవిగ్రహం నిలిపాడని ఉజ్జయినీ మహంకాళి స్థలపురాణం. దొరలను మోసిన సైన్యమే, ఆ సైన్యంలో డోలీ మోసిన మనిషే. అతడు నిలిపిన గుడికి ఆషాఢంలో బోనం ఎత్తుకొని ఎవరైనా వెళ్లవచ్చు. లష్కర్ బోనాలంటే లక్షల జనం. ఒకే దండు రెండు నిర్మాణాలను మిగిల్చింది. అధికారులు నిలిపిన దానికి సభ్యత్వం కావాలి. డోలీ మోసినవాడు నిలిపినదానికి నడిచివచ్చే కాళ్లు చాలు. వీటిలో దేనిని "మన" అనాలో తెలుగు వచ్చిన ఎవరికైనా తెలుస్తుంది.

"అయ్యా, తెలుగువాళ్లకు క్లబ్బుల సంప్రదాయం లేదు కాబట్టి మీకు అసూయ" అని ఒకరు లోగడ నాతో వాదించారు. లేకేమి, ఉంది. రచ్చ అన్న మాటను చూడండి. అది సంస్కృతంలోని రథ్యా శబ్దానికి తద్భవం. రథ్య అంటే వీథి. ఊరి సంగతి ఊరందరి ముందు వీథిలో తేల్చుకునే చోటు రచ్చబండ. సంస్కృతంలో గోష్ఠి ఉంది. దాని మూలం గోష్ఠం, ఆవులు నిలిచే చోటు. మన మాటలన్నీ ఆరుబయటివే. నలుగురూ చేరి మాట్లాడుకోవడానికి తలుపు అవసరమని మన భాష ఎన్నడూ అనుకోలేదు.

ఇటీవలి చరిత్రలో మన తెలుగువాళ్ల రాజకీయ క్లబ్బులేవో కూడా చెబుతాను. వాటి పేరు గ్రంథాలయాలు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదు రెసిడెన్సీ బజారులో రావిచెట్టు రంగారావు గారి ఇంట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పుట్టింది. కొమర్రాజు లక్ష్మణరావు గారి వంటివారు దానికి ఊపిరి పోశారు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం, 1905లో మన సికింద్రాబాదులోనే ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వెలిశాయి. పైకి పుస్తకాలు, పత్రికలు. లోపల జరిగినది ఒక జాతి తన నోటిని తాను తిరిగి సంపాదించుకోవడం.

అది ఎంత అవసరమో 1921 నవంబరులో తేలింది. వివేకవర్ధినిలో మహర్షి కర్వే అధ్యక్షతన సంఘసంస్కరణ సభ. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలు సాగాయి. అల్లంపల్లి వేంకటరామారావు గారు లేచి తెలుగులో మాట్లాడబోతే చప్పట్లతో, కేకలతో గేలి చేశారు. చేసినవారు వీథి రౌడీలు కారు, చదువుకున్న పెద్దమనుషులు. సంస్కరణ కోసం చేరినవారు! ఆ రాత్రే కొందరు తెలుగువారు టేకుమాల రంగారావు గారి ఇంట చేరి ఆంధ్ర జన సంఘానికి పునాది వేశారు. గేలికి గేలితో జవాబు చెప్పలేదు, మరొక క్లబ్బు పెట్టి గేలి చేసినవారిని బయట నిలబెట్టనూ లేదు. ఊరూరా పఠనమందిరాలు పెట్టించారు. సభ జరుపుకోవాలన్నా ముందస్తు అనుమతి కావాలని నిజాము ప్రభుత్వం గస్తీ నిషాన్ 53తో కాళ్లకు బంధం వేస్తే, ఆ బంధంతోనే నడిచారు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. దానితోపాటే నడింపల్లి సుందరమ్మ గారి అధ్యక్షతన మహిళాసభ జరిగింది. కార్ల్‌టన్ క్లబ్బు 2008లో చేసిన పనికి మెతుకుసీమలోని ఒక చిన్న ఊరు 1930లోనే దారి వేసింది. 1940లలో మహాసభ సభ్యత్వ రుసుము రూపాయి నుండి నాలుగు అణాలకు తగ్గింది. ఆ తగ్గింపుతోనే పల్లెరైతు మహాసభలోకి వచ్చాడు, అతడితోపాటు వెట్టిచాకిరి సమస్య వచ్చింది, ఆ వెనుక తెలంగాణ పోరాటమే వచ్చింది. క్లబ్బు తన విలువను రుసుము పెంచి చూపించుకుంటుంది. ప్రజాసంఘం తగ్గించి చూపించుకుంటుంది. ఇంతకన్నా భేదం చెప్పనక్కరలేదు.

దొరలు వెళ్లిపోయారు కదా, ఇంకా ఎందుకీ కోపం అంటారా? దొరలు వెళ్లారు గాని తలుపు అక్కడే ఉంది.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలోని హైదరాబాద్ హౌస్‌లో ఎనిమిదిమంది నాయకులు కూర్చుని రెండు ప్రాంతాల భవిష్యత్తును నిర్ణయించారు. ఆంధ్ర పక్షాన బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. తెలంగాణ పక్షాన బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు. వారిలో త్యాగం చేసినవారున్నారు, పండితులున్నారు. వారిని నేను కించపరచడం లేదు. కాని ఆ కాగితానికి వచ్చిన పేరు చూడండి: పెద్దమనుషుల ఒప్పందం. జనం ముందు పెట్టలేదు, చట్టం బలం పూర్తిగా ఇవ్వలేదు, పెద్దమనుషుల మాట చాలునన్నారు. చాలలేదు. ఆ మాట నిలబడలేదన్న కోపం 1969లో వందల ప్రాణాలను తీసుకుంది. చివరకు 2014లో రాష్ట్రమే రెండైంది. క్లబ్బు గదిలో చెల్లే "నా మాట నమ్మండి" అన్న మర్యాద కోట్లమంది బ్రతుకులకు పూచీ కాలేదు. రచ్చబండ మీద తేలవలసినది గదిలో తేలితే ఫలితం అలా ఉంటుంది.

చిన్న విషయానికి వస్తాను, అది నాకు చిన్నది కాదు. నా దగ్గర చదువుకున్న ఒకాయన తన కుమార్తె వివాహ విందుకు పిలిచాడు. విందు ఒక క్లబ్బులో. ఊరూ పేరూ చెప్పను, అక్కర లేదు. పంచెకట్టుతో వెళ్లాను. గుమ్మం దగ్గర ఆపి, కావాలంటే పాంటు ఇస్తాం, పైన తొడుక్కొని రండి అన్నారు. మర్యాదగానే అన్నారు, అతడి ఉద్యోగం అది. అక్షింతలు పిల్లకు అందించమని ఇచ్చి వచ్చేశాను. ఇది నా ఒక్కడి గొడవ కాదు. 2014 జూలైలో చెన్నైలో తమిళనాడు క్రికెట్ సంఘం క్లబ్బులో జరిగే పుస్తకావిష్కరణకు పంచెతో వెళ్లిన హైకోర్టు న్యాయమూర్తి హరిపరంథామన్ గారినే లోపలికి రానీయలేదు. తమిళులు ఊరుకోలేదు. ఆగస్టులోనే శాసనసభలో చట్టం చేశారు. పంచెను కారణంగా చూపి అడ్డగిస్తే సంవత్సరం దాకా జైలు, ఇరవై ఐదు వేల జరిమానా. మన పెళ్లిపీటల మీద పంచె, తిరుమలలో పంచె, శాసనసభలో పంచె, పేకముక్కలు వేసే చోట మాత్రం పంచె పనికిరాదా?

ఎదుటి వాదాలను దాటవేయను. మొదటిది: క్లబ్బు ప్రైవేటు సంస్థ, సంఘంగా ఏర్పడే హక్కు రాజ్యాంగమే ఇచ్చింది, నిబంధనలు వారిష్టం. నిజమే. నలుగురు మిత్రులు తమకు నచ్చినవారితోనే కూర్చుంటామంటే కాదనడానికి నేనెవరిని? కాని అప్పుడు "మా" అనే అనండి. ప్రవేశం దగ్గర ప్రైవేటు, కన్నీళ్ల దగ్గర పబ్లిక్ అంటే కుదరదు. వారసత్వ కట్టడమన్న గౌరవం ఊరందరి పేరిట వచ్చేది. అది పుచ్చుకున్నవారికి ఊరి పట్ల బాధ్యత ఉండాలి.

రెండవది: కట్టడానికి పాపం అంటదు, పాలకులు మారినా శిల్పం శిల్పమే. ఇదీ నిజమే. గోలకొండ మీద నాకు పేచీ లేదు, కోఠీలో రెసిడెన్సీ భవనం మీదా లేదు. రెసిడెన్సీలో 1949 నుండి ఆడపిల్లల కళాశాల ఉంటూ వచ్చింది. కిర్క్‌పాట్రిక్ మేడలో మన పిల్లలు చదువుకున్నారు. పరాయి కట్టడం మనది కావడానికి అదే మార్గం. గోడలు మారనక్కరలేదు, గుమ్మం తెరిస్తే చాలు.

కనుక నా మనవి నాలుగు మాటలు. కాలిన భవనం స్థానంలో ఏది నిలిచినా, దాని ముందు పూర్తి చరిత్ర తెలుగులో, ఉర్దూలో రాయించండి. వేటవిడిది కథతోపాటు బేరారు కథ కూడా అందులో ఉండాలి. ఏడాదికి కొన్ని రోజులైనా బడిపిల్లలకు తలుపులు తెరవండి. తమిళుల వలె మనమూ పంచెకట్టుకు చట్టరక్షణ అడుగుదాం. నాలుగవది మన పని. 1960 నాటి చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయాల కోసం మనమంతా కడుతున్నాం. అంటే ఊరి గ్రంథాలయంలో మన సభ్యత్వ రుసుము ముందే చెల్లిపోయింది. ఏ నల్లగోలీ మనల్ని అక్కడనుండి తిప్పి పంపలేదు. అయినా మనం వెళ్లం. విరిగిన కుర్చీల మధ్య ఉద్యోగపరీక్షలకు చదువుకునే పేదపిల్లలు తప్ప అక్కడ ఎవరూ కనబడరు. పెద్దమనుషుల క్లబ్బు కాలితే కన్నీళ్లు పెట్టిన మనం, మన సొంత క్లబ్బులు చెదలు పట్టి పోతుంటే కనీసం కుర్చీ ఎందుకు లేదని అడగం.

క్లబ్బుకు భీమా ఉంటుంది, ధనవంతులైన సభ్యులున్నారు, కట్టుకుంటారు, కట్టుకోవాలి కూడా. నూరేళ్లు దాటిన భాషానిలయాల బీరువాలకు దిక్కు మనమే. ఈ ఆదివారం మీ ఊరి గ్రంథాలయానికి ఒకసారి వెళ్లి రండి. పంచెతో వెళ్లినా, లుంగీతో వెళ్లినా ఎవరూ ఆపరు. వెళ్లి వచ్చాక నాతో విభేదించండి, సంతోషంగా వాదిస్తాను.

స్వస్తి.